బెంగళూరు వంటింట్లో మన పప్పు, మన పెరుగు, మన కాఫీ

అడిగిన ప్రశ్న ఇది: "గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి మూడు నెలలయింది. వైట్‌ఫీల్డ్ దగ్గర అద్దె ఇల్లు, ఇద్దరికీ ఉద్యోగాలు. ఊళ్ళో బాగానే వండేదాన్ని. ఇక్కడ కందిపప్పు ఎన్ని విజిళ్ళు వచ్చినా పలుకుగానే ఉంటోంది. రాత్రి తోడు పెట్టిన పాలు పొద్దున్నకు పాలలాగే ఉంటున్నాయి. కూర ఎర్రగా కనిపిస్తుంది, కారం మాత్రం నాలుకకు తగలదు. కాఫీ హోటల్లో ఉన్నట్టు ఇంట్లో రావడం లేదు. వారంలో నాలుగు రోజులు బయటి నుంచే తెప్పించుకుంటున్నాం. ఎక్కడ తప్పు చేస్తున్నాను?"

మీరు తప్పేమీ చేయడం లేదమ్మా. ఊరు మారింది, నీళ్ళు మారాయి, వంటింట్లో వేడి మారింది. మీ చేయి మాత్రం ఇంకా గుంటూరు లెక్కలోనే నడుస్తోంది. నేను 1996లో ఒంగోలు నుంచి ఈ ఊరికి కాపురానికి వచ్చాను. ఆ తర్వాత పదిహేనేళ్ళు మారతహళ్ళిలో ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలకు రెండు పూటలా భోజనం వండి పెట్టాను. పూటకు నలభై మంది దాకా తినేవారు. మీరు రాసిన నాలుగు ఇబ్బందులూ నేను పడినవే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు పప్పు సంగతి చూద్దాం. అది కుదిరితే మన భోజనంలో సగం కుదిరినట్టే.

మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి గరుకు పొర పేరుకుంటోందా? కుళాయి చుట్టూ సున్నం పూసినట్టు మచ్చలు ఉన్నాయా? ఉంటే మీ పప్పు ఉడకకపోవడానికి కారణం అక్కడే ఉంది. కావేరి నీళ్ళు దాదాపు నూరు కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎక్కి ఈ ఊరికి వస్తాయి. ఊరి చివర పెరిగిన కాలనీల్లో చాలా చోట్ల వాడకానికి బోరు నీళ్ళో ట్యాంకరు నీళ్ళో దిక్కు. బోరు నీళ్ళల్లో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. పప్పు గింజలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థం ఉడికేటప్పుడు కరగాలి. ఈ లవణాలు దాన్ని పట్టుకుని గట్టిపరుస్తాయి. అందుకే ఎన్ని విజిళ్ళు వచ్చినా పప్పు పప్పుగానే, నీళ్ళు నీళ్ళుగానే విడివిడిగా ఉంటాయి.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది మా మామగారు వచ్చినప్పుడు మామిడికాయ పప్పు చేశాను. ఆయన మాట అనకుండా తిన్నారు గానీ పళ్ళెం అంచున పలుకులు ఏరి పెట్టడం చూశాను. నాకు చాలా కష్టమనిపించింది. ఆ మరుసటి ఆదివారం ఒకే సంచిలో పప్పు చెరొక గ్లాసు కొలిచి, మా ఇంట్లోదీ ఇంటి యజమానురాలిదీ రెండు కుక్కర్లు తెచ్చి, పక్కపక్కనే ఒకే మంట మీద పెట్టాను. ఒకదానిలో బోరు నీళ్ళు పోశాను. రెండోదానిలో వీధి కుళాయికి వచ్చే కావేరి నీళ్ళు పోశాను. రెండింటికీ అయిదేసి విజిళ్ళు రానిచ్చి, ఆవిరి దానంతట అది దిగేదాకా ఆగి మూతలు తీశాను. బోరు నీళ్ళ కుక్కర్లో పైన పసుపు నీళ్ళు తేటగా తేలాయి, అడుగున గింజలు అంచులు కూడా చెదరకుండా కూర్చున్నాయి. కావేరి నీళ్ళ కుక్కర్లో గరిటె పెట్టగానే పప్పు మీగడలా కదిలింది, పప్పు గుత్తితో పనే లేకపోయింది. ఆ రోజు నుంచి పప్పుకు బోరు నీళ్ళు ముట్టుకోలేదు.

కాబట్టి మీరు తాగడానికి వాడే శుద్ధి చేసిన నీళ్ళు గానీ డబ్బా నీళ్ళు గానీ పప్పు ఉడికించడానికి వాడండి. కడగడానికి కుళాయి నీళ్ళు చాలు. ఇద్దరికి అరగ్లాసు పప్పు, గ్లాసున్నర నీళ్ళు. అంతకన్నా ఖర్చు లేదు. ముందు అరగంట నానబెట్టండి, ఆ నానబెట్టేది కూడా మంచి నీళ్ళలోనే. ఉడికేటప్పుడు చిటికెడు పసుపు, అర చెంచా నూనె వేస్తే నురుగు పైకి పొంగి విజిల్‌కు అడ్డం పడదు. వంట సోడా వేస్తే మెత్తబడుతుందని ఎవరైనా చెబుతారు. మెత్తబడే మాట నిజమే, కానీ రుచి సబ్బులా మారుతుంది, పప్పులో ఉండే బి1 విటమిన్ పోతుంది. ఆ దారికి వెళ్ళకండి.

రెండో సంగతి పులుపు. మన ఇళ్ళలో గోంగూరో, మామిడికాయో, టమాటానో పప్పుతో పాటే కుక్కర్లో వేసి ఒకేసారి ఉడికించేస్తాం. పులుపు కూడా పప్పు మెత్తబడకుండా ఆపుతుంది. నీళ్ళు మంచివైతే ఆ ఒక్క అడ్డంకినీ కుక్కర్ దాటిస్తుంది. ఇక్కడ నీళ్ళ కాఠిన్యం, కూరాకు పులుపు రెండూ కలిసి పప్పు మీద పడతాయి. కాబట్టి పప్పు విడిగా ఉడకనివ్వండి. గోంగూరను పక్కన చెంచా నూనెలో పచ్చిమిర్చితో మగ్గనిచ్చి తర్వాత కలపండి. చింతపండు రసం కూడా పప్పు మెదిపిన తర్వాతే. ఇవన్నీ చేసినా పలుకు తగులుతోందంటే ఆ పప్పు పాతది. ఏడాది దాటి నిల్వ ఉన్న పప్పును ఏ నీళ్ళూ బాగు చేయలేవు. దుకాణం మార్చండి.

ఎత్తు వల్లే ఉడకదని ఇక్కడ చాలామంది అంటారు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. మూత లేని గిన్నెలో అన్నం వార్చినా, పులుసు కాచినా నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కుక్కర్‌లో ఆ తేడా ఒక్క విజిల్‌తో తీరిపోతుంది. పప్పు పలుకుకు అసలు కారణం ఎత్తు కాదు, నీళ్ళే.

అన్నం గురించి మీరు అడగలేదు గానీ ఒక్క మాట. ఇక్కడ సంచి మీద సోనా మసూరి అని ఉంటే చాలదు, పచ్చి బియ్యమా ఆవిరి పట్టిన బియ్యమా అని అడగాలి. దుకాణంలో 'రా', 'స్టీమ్' అంటారు. స్టీమ్ బియ్యం అన్నం పొడిపొడిగా వస్తుంది, నీళ్ళు కొంచెం ఎక్కువ పోయాలి, చల్లారితే బిరుసెక్కుతుంది. మనం అలవాటు పడింది పచ్చి బియ్యానికి, అదీ పాత బియ్యానికి. రాయచూరు, గంగావతి వైపు తుంగభద్ర కాలువ కింద పండే సోనా మసూరి ఇక్కడ బాగా దొరుకుతుంది. ఊరి నుంచి బస్తాలు మోసుకురావలసిన పని లేదు.

ఇక పెరుగు. గుంటూరులో ఎండాకాలం రాత్రి కూడా వంటిల్లు వెచ్చగా ఉంటుంది. పాలలో చెంచా మజ్జిగ పడేస్తే అయిదు గంటల్లో పెరుగు. ఇక్కడ రాత్రులు చల్లగా ఉంటాయి, డిసెంబరు, జనవరిల్లో అయితే 15, 16 డిగ్రీలకు పడిపోతుంది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులకు 40 డిగ్రీల దగ్గర ఉత్సాహం. గోరువెచ్చగా తోడు పెట్టినా స్టీలు గిన్నె గంటలోనే చల్లబడిపోతుంది, తోడు నిద్రపోతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే.

నేను చేసే పద్ధతి చెబుతాను. నందిని నీలం ప్యాకెట్టు టోన్డ్ పాలు, అందులో వెన్న 3 శాతం. పెరుగు గట్టిగా కావాలంటే 6 శాతం వెన్న ఉండే ఫుల్ క్రీమ్ పాలు తీసుకోండి, లేదా టోన్డ్ పాలనే సన్న మంట మీద పది నిమిషాలు ఎక్కువ మరిగించండి. చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టే దాకా ఉంచగలిగితే అదే తోడు పెట్టే వేడి. అర లీటరుకు చలికాలంలో రెండు చెంచాల తోడు, ఎండాకాలంలో ఒక చెంచా చాలు. తోడును ముందు చిన్న గిన్నెలో కొంచెం పాలతో చిలికి అప్పుడు కలపండి. తర్వాత ఆ గిన్నెను అన్నం వండిన కుక్కర్‌లో పెట్టి మూత వేయండి. కుక్కర్‌కు ఇంకా వెచ్చదనం ఉంటుంది కదా, తెల్లారేదాకా అది కాపాడుతుంది. కుక్కర్ ఖాళీ లేకపోతే పాత తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో దించండి. ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పులుస్తుంది. ఇడ్లీ పిండికీ ఇదే లెక్క. మన దగ్గర రాత్రికి పొంగేది ఇక్కడ జనవరిలో పద్నాలుగు గంటలు తీసుకుంటుంది. శనివారం మధ్యాహ్నం రుబ్బితేనే ఆదివారం పొద్దున ఇడ్లీ.

పెరుగు కొంచెం పులిసిందా, సంతోషించండి. అదే మజ్జిగకు మంచిది. ఒక గరిటె పెరుగుకు మూడు గరిటెల నీళ్ళు, దంచిన అల్లం, ఒక పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు. ఆఫీసుకు సీసాలో పోసుకుని వెళ్ళండి. ఇక్కడ నీరు మజ్జిగె అని అమ్మేది ఇదే.

కారం సంగతి. ఇక్కడి దుకాణాల్లో అమ్మే కారంలో చాలావరకు బ్యాడగి మిరప ఉంటుంది. హావేరి జిల్లాలో బ్యాడగి అనే ఊరు పేరు మీద వచ్చిన రకం అది. ముడతలు పడి, నిండు ఎరుపు రంగుతో ఉంటుంది, ఘాటు చాలా తక్కువ. మన గుంటూరు మిరప ఘాటుకు పెట్టింది పేరు. మీరు నాలుకకు తగలడం లేదని ఇంకో చెంచా, ఇంకో చెంచా వేస్తున్నారు. అప్పుడు కూరకు రంగు, పొడి చిక్కదనం పెరుగుతాయి గానీ ఘాటు పెరగదు, చివరకు చేదు మిగులుతుంది. ఊరి నుంచి తప్పనిసరిగా తెచ్చుకోవలసిన సరుకు ఇదొక్కటే: రెండు కిలోల కారం, ఏడాదికి సరిపోతుంది. అలాగని బ్యాడగిని తీసి పారేయవద్దు. చేపల పులుసులోనూ టమాటా పచ్చడిలోనూ గుంటూరు కారం రెండు వంతులకు బ్యాడగి ఒక వంతు కలిపి చూడండి, రంగూ ఘాటూ రెండూ నిలుస్తాయి.

కూరగాయల దగ్గర మాట తెలిస్తే సగం పని అయిపోతుంది. బీరకాయ హీరెకాయి, బెండకాయ బెండెకాయి, సొరకాయ సోరెకాయి, ఇవి మీకే అర్థమవుతాయి. గోంగూర అడిగితే కొందరికి తెలియదు, 'పుండి సొప్పు' అనండి, కట్టలు తీసి ఇస్తారు. తోటకూర జాతి ఆకును 'దంటు సొప్పు' అంటారు. కందిపప్పు తొగరి బేళె, పెసరపప్పు హెసరు బేళె, ఉలవలు హురళి. పసుపు దోసకాయ దొరకని రోజు మంగళూరు సౌతెకాయి తీసుకోండి, పప్పులోకి అచ్చంగా సరిపోతుంది. మీ వైపు నుంచి మడివాళ మార్కెట్టు దూరమే గానీ నెలకొకసారి వెళ్ళినా ఫరవాలేదు. మామూలు రోజులకు హాప్‌కామ్స్ అనే సహకార సంఘం కూరగాయల దుకాణం దగ్గరలో ఉంటే అది చాలు.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో రోజూ అయిదు రకాలు కుదరవు, కుదరాలని పట్టు పట్టకండి. ఆదివారం సాయంత్రం గంట సేపు కేటాయించండి. చింతపండు నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి, ఒక పొంగు రానిచ్చి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం వస్తుంది. గ్లాసు కందిపప్పు, గుప్పెడు శనగపప్పు, పది ఎండుమిర్చి సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, జీలకర్ర, ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలతో పొడి కొట్టి ఉంచండి. రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరినా వేడి అన్నం, కందిపొడి, నెయ్యి, ఒక చారు ఉంటే మీరు ఫోను తీసి తిండి తెప్పించరు.

ఆ చారుకు ఒక ఉపాయం ఉంది. నాకు ఇది మా ఇంటి యజమానురాలు నేర్పింది, ఆమెను నేను అజ్జీ అని పిలిచేదాన్ని. ఆమె ఆకుకూర, పప్పు కలిపి ఉడికించి, నీళ్ళు వార్చి, ఆ నీళ్ళతో సారు, అంటే చారు, కాచి, పప్పు ఆకులతో పల్యం, అంటే పొడి కూర, చేసేది. బస్సారు అంటారు దాన్ని. చూడగానే మా అమ్మ కాచే కట్టు చారు గుర్తొచ్చింది, మన దగ్గర పప్పు కట్టుతో చేసేది అదే కదా. పప్పులో గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి ఉడికించండి. పైన తేలిన కట్టు వార్చి, చింతపండు గుజ్జు, మిరియాలు జీలకర్ర దంచిన పొడి, కొత్తిమీర వేసి మరగనిచ్చి, ఆవాలు, ఇంగువ తిరగమోత వేయండి. అడుగున మిగిలిన ముద్దపప్పులో ఆవకాయ. ఒక్క కుక్కర్‌తో రెండు రకాలయ్యాయి. ఇక్కడివాళ్ళు సారులో బెల్లం ముక్క వేస్తారు. నాకు మొదట నచ్చలేదు, ఇప్పుడు శనగ గింజంత వేయకపోతే చారు వెలితిగా అనిపిస్తుంది.

కాఫీ. దీని గురించి నేను కొంచెం పట్టుదలగా మాట్లాడతాను, ఎందుకంటే దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం ఈ రాష్ట్రంలోనే పండుతుంది. చిక్కమగళూరు, కొడగు, హాసన్ తోటల గింజలు మన కళ్ళ ముందే మర పట్టి ఇచ్చే ఊళ్ళో ఉండి నీరసమైన కాఫీ తాగడం అన్యాయం.

ముందు పొడి. ప్యాకెట్టు మీద చికోరీ ఎంత శాతమో రాసి ఉంటుంది, చూడండి. మన నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే 49 శాతం దాకా చికోరీ ఉండవచ్చు. చవక ప్యాకెట్లు ఆ హద్దు దగ్గరే ఆగుతాయి. చికోరీ చెడ్డదని కాదు, అది ఒక మొక్క వేరు. వేయించి కలిపితే డికాక్షన్‌కు చిక్కదనం, నలుపు ఇస్తుంది. హోటలు కాఫీ చిక్కగా ఉండడానికి అదీ ఒక కారణం. కానీ పాళ్ళు మించితే కాఫీ వాసన అణిగిపోతుంది. మల్లేశ్వరంలోనో గాంధీ బజారులోనో మర పట్టే దుకాణానికి వెళ్ళి, 80 పాళ్ళు కాఫీ 20 పాళ్ళు చికోరీ, ఫిల్టరుకు తగిన మర అని అడగండి. మరీ మెత్తగా పడితే ఫిల్టరు కళ్ళు మూసుకుపోతాయి. పావు కిలోకు మించి తేవద్దు, మూత తెరిచిన పదిహేను రోజులకే ఆ వాసన తగ్గుతుంది.

ఫిల్టరు పై గిన్నెలో ఇద్దరికి మూడు నిండు చెంచాల పొడి వేసి, బిళ్ళతో ఊరికే సమం చేయండి, అదమవద్దు. నీళ్ళు మంచివే ఉండాలి, పప్పుకు చెప్పిన మాటే దీనికీ. మరిగి దించిన నీళ్ళు ముందు నాలుగు చెంచాలు మాత్రం చుట్టూ పోసి అర నిమిషం ఆగండి. పొడి తడిసి ఉబ్బుతుంది, వాసన పైకి లేస్తుంది. అప్పుడు మిగతా నీళ్ళు అంచు దాకా నెమ్మదిగా పోసి మూత పెట్టండి. చుక్క వెంట చుక్క దిగాలి. రెండు నిమిషాల్లోనే గిన్నె నిండిపోయిందంటే మర ముతకగా ఉందన్నమాట. నేను రాత్రి పడుకునే ముందు వేసి వదిలేస్తాను, పొద్దున్నకు నల్లటి నిగనిగలాడే డికాక్షన్ సిద్ధంగా ఉంటుంది.

మీ ఇంట్లో హోటలు రుచి రాకపోవడానికి పాలే కారణమని నా అనుమానం. టోన్డ్ పాలకు ఎంత మంచి డికాక్షన్ పోసినా పలచగానే ఉంటుంది. కాఫీకి మాత్రం ఫుల్ క్రీమ్ ప్యాకెట్టు విడిగా తీసుకోండి. పాలు పొంగు వచ్చిన వెంటనే కలపాలి, నాలుగుసార్లు కాచిన పాలు పనికిరావు. డికాక్షన్‌ను ఎప్పుడూ పొయ్యి మీద కాచవద్దు, చేదెక్కుతుంది. చల్లగా ఉంటే ఆ గిన్నెను వేడి నీళ్ళలో రెండు నిమిషాలు నిలబెట్టండి. ఒక వంతు డికాక్షన్, మూడు వంతుల పాలు, చక్కెర, తర్వాత గ్లాసు నుంచి డబరాలోకి రెండుసార్లు ఎత్తి పోయడం. నురుగు కోసం మాత్రమే కాదు, వేడి తాగే పాకానికి దిగుతుంది కూడా.

పొద్దున కాఫీ ఒకటి చాలు. తొమ్మిదికి బస్సు ఎక్కేవాళ్ళకు రాగి జావ మంచిది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మన వరి బియ్యం దాని దరిదాపులకు రాదు. రెండు చెంచాల పిండి చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్ళలో పోస్తూ తిప్పండి. ఆరేడు నిమిషాలకు పచ్చి వాసన పోయి నిగారింపు వస్తుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ. ఎండాకాలం మధ్యాహ్నం ఎవరైనా వస్తే సుగంధి పాల వేళ్ళతో చేసిన షర్బత్, దుకాణాల్లో నన్నారి అంటారు, నిమ్మరసం పిండి ఇవ్వండి.

డిసెంబరు రానివ్వండి, ఊరంతా అవరెకాయి వాసన వస్తుంది. అవి మన అనపకాయలే. నానబెట్టి తొక్క పితికి తీసిన గింజలను ఇక్కడ హితికిద బేళె అంటారు, చిత్తూరు వైపు పితికిపప్పు అంటారు. గుంటూరువాళ్ళకు ఇది కొత్త. మొదటిసారి పావు కిలోనే తెచ్చుకుని, కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి నూరి వేసి పులుసు చేసి, రాగి సంగటిలోకి తిని చూడండి.

ప్రస్తుతానికి ఈ రాత్రికి ఒక్కటే చేయండి. తాగే నీళ్ళల్లో అరగ్లాసు కందిపప్పు నానబెట్టి, పులుపు ఏదీ వేయకుండా ఉడికించి చూడండి. అప్పటికీ పలుకు ఉంటే పప్పు ఎక్కడ కొన్నారో, సంచి మీద ఏ నెల ఉందో రాయండి, దాన్ని బట్టి చెబుతాను.